చొంగమ్మ ఊరికే కార్చలేదు

సంతోషం వస్తే కొన్ని పిల్లులు గురగురలాడతాయి, కొన్ని తోక నిగిడించి ఊరేగుతాయి, కొన్ని ఏమీ ఎరగనట్టు కళ్లు మూసుకుంటాయి. పుస్తకాలు కుట్టే పెద్దక్క ఇంట్లోని పిల్లికి మాత్రం సంతోషం నోట్లోంచి కారుతుంది. ఒళ్లోకి ఎక్కుతుంది, ముందు కాళ్లతో పిండి మర్దించినట్టు తొడలు రెండూ పిసుకుతుంది, గొంతులో మరమిల్లు ఒకటి తిప్పుకుంటూ కింది పెదవి చివర ఒక చుక్కను పోగేస్తుంది. ఆ చుక్క వేలాడి, సాగి, ఇక ఆగలేక పెద్దక్క మోకాలి మీద టప్పున రాలుతుంది. అందుకే దాని పేరు చొంగమ్మ. తెచ్చిన కొత్తలో ఏదో మర్యాదైన పేరే పెట్టారు గానీ, అదిప్పుడు పిల్లికే గుర్తులేదు.

"దాని మూతికో గుడ్డ కట్టరాదూ? ఇల్లంతా తడి," అనేవాడు పెద్దక్క మొగుడు. అతను ఒక అచ్చు ప్రెస్సులో ఏళ్ల తరబడి ప్రూఫులు దిద్ది రిటైరై ఇంటికొచ్చినవాడు. వీధిలో అందరికీ ప్రూఫులాయన. ఇంట్లో దిద్దడానికి ఏమీ దొరక్క, నోటికొచ్చిన సామెతలతో కాలక్షేపం చేస్తుంటాడు.

"నా మీద దానికున్న నమ్మకం అలా కారుతోంది. నన్ను చూస్తే మీకు ఏనాడైనా నోరూరిందా?"

"పెళ్లికి ముందు ఊరింది. ఆ తరవాతే ఎండిపోయింది."

ఈ మాటకు ముగ్గురిలో ఎక్కువగా నవ్వేది బుల్లి, పెద్దక్క చెల్లెలు. అచ్చయి వచ్చిన ఫారాలు మడిచి సూదితో కుట్టడం బుల్లి పని. అట్టలు వేసి, గుడ్డ అంటించి, ప్రెస్సులో బిగించడం పెద్దక్క పని. వీధి వైపు గది అంతా పనిగది. ఒక మూల ఇనప చక్రం ఉన్న ప్రెస్సు, దాని పక్కన కాగితం కోసే మిషను, మిషను కింద కోసి పారేసిన కాగితపు పీలికల గుట్ట. ఆ గుట్టే చొంగమ్మ పరుపు.

జిగురు విషయం మాత్రం వేరు. జిగురు గిన్నెను పెద్దక్క తప్ప ఇంకొకరు పొయ్యి మీదకు ఎక్కించకూడదు. మైదాపిండి చన్నీళ్లలో కలిపి, సన్నటి సెగ మీద గరిటె ఆపకుండా తిప్పి, మెరుపు వచ్చాక దించి, చల్లారనిచ్చి, ఒక వేలు ముంచి నాలుకకు రాసుకుంటుంది. పులుపు తగిలిందా, గిన్నె మొత్తం కాలవలోకే. "నేను నోట్లో పెట్టుకోలేనిది పుస్తకానికి పెట్టను," అనేది ఆమె శాసనం. జిగురులో మందులూ మాకులూ కలిపే బైండర్ల పేరెత్తితే మూతి మూడు వంకర్లు తిప్పేది. తను రుచి చూశాక ఇంకో వేలు ముంచి పిల్లికి నాకించేది. అది పిల్లి జీతం. జిగురు కోసం ఎలుక వస్తుంది, ఎలుక కోసం పిల్లి, పిల్లి కోసం మళ్లీ జిగురు. ఆ ఇంటి లోకం అలా గుండ్రంగా తిరుగుతూ ఉండేది.

ఆ రోజు ఒక ఆఫీసు వాళ్ల రిజిస్టర్లు సాయంత్రానికల్లా అందాలి. మధ్యాహ్నం బుల్లి వాటిలో మొదటి కట్టను చక్రాల బండి మీద పెట్టుకుని ఇచ్చి రావడానికి వెళ్లింది. అంతలో చొంగమ్మ అట్టల వెనకనుంచి చుంచెలుకను పట్టుకొచ్చి పెద్దక్క కాళ్ల దగ్గర పడేసింది. పెద్దక్క పొంగిపోయింది. జీతం మీద బోనస్ ఇవ్వాలనిపించింది. గిన్నె అంచులకు అంటుకున్న జిగురంతా గరిటెతో గీకి, పళ్లెంలో వేసి, పాలు పోసి కలిపి ముందు పెట్టింది. చొంగమ్మ ఒకసారి వాసన చూసి వెనక్కి తగ్గింది. పెద్దక్క పళ్లేన్ని దాని మూతి దగ్గరకు జరిపింది. "తినవే తల్లీ, నీ కష్టార్జితం." పాల మీది ఆశ గెలిచింది. పిల్లి పళ్లెం నాకేసింది.

కాసేపటికి ఒక కాలేజీ కుర్రవాడు తన ప్రాజెక్టు పుస్తకం కోసం వచ్చి, "ఆంటీ, మీ పిల్లి నోట్లోంచి ఏదో కారుతోంది," అన్నాడు.

పీలికల గుట్ట మీద చొంగమ్మ మెడ ముందుకు చాచి కూర్చుంది. రెండు మూతి మూలల నుంచీ చొంగ దారాల్లా దిగి ఛాతీ బొచ్చును తడిపేసింది.

"అదా? ఎలుకను పట్టిందిగా, మహా సంబరంగా ఉంది దానికి. నా మీద ప్రేమ పొంగితే ఇంతే," అంది పెద్దక్క, సొంత కూతురి పాట వినిపిస్తున్నంత గర్వంగా. కుర్రవాడు ఫోనులో ఫొటో కూడా తీసుకుని వెళ్లాడు.

చేయి తుడుచుకుని పెద్దక్క పిల్లిని ఒళ్లోకి ఎత్తుకుంది. పిల్లి పిసకలేదు. గొంతులో మిల్లు తిరగలేదు. నాలుక బయటపెట్టి, మళ్లీ లోపలికి లాక్కుని, మింగలేనిదేదో మింగుతున్నట్టు గొంతు ఆడించింది. ఒళ్లోంచి జారి మిషను కిందికి పోయి, పంజాతో మూతి గీరుకోవడం మొదలుపెట్టింది. కింద పడ్డ చొంగను పెద్దక్క వేలితో తాకింది. రోజూ పడే చుక్క నీళ్లలా తేలిగ్గా ఉండేది. ఇది జిగట. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటే తుప్పు పట్టిన తాళం వాసన.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

"ఏ చేపను కలగంటోందో," అంటూ వచ్చాడు ప్రూఫులాయన. వచ్చినవాడు నవ్వబోయి ఆగిపోయాడు.

పిల్లి వీపు విల్లులా వంగింది. కడుపు లోపలికి బయటికి కొట్టుకుంది. తెల్లటి పీలికల మీద కక్కేసింది. ఆ కక్కు పాల రంగులో లేదు, ఎలుక రంగులో లేదు. నెమలి మెడ రంగులో ఉంది.

 తెల్ల కాగితాల మీద ఆ నీలం పచ్చ మెరుస్తోంది. ఏ జంతువు కడుపులోనూ ఉండకూడని రంగు. పెద్దక్క నేల మీద కూర్చుని పిల్లిని దగ్గరకు లాక్కుంది.  ప్రూఫులాయన కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. రంగు మారలేదు.

"ఉప్పునీళ్లు పట్టిద్దామా? మిగిలింది కూడా కక్కేస్తుంది," అని వంటగది వైపు నడవబోయాడు.

"ఏం మింగిందో తెలియకుండా ఏం పోస్తారు? పదండి!" అంది పెద్దక్క.

అట్టలు వచ్చే పెట్టెలో పిల్లిని పెట్టి, మీద తువ్వాలు కప్పి, నాలుగు వీధుల అవతలున్న పశువుల ఆస్పత్రికి ఇద్దరూ పరిగెత్తారు. దారిలో ఎవరో పలకరించారు. ఎవరో ఆమెకు తెలియలేదు. పెట్టె లోపలినుంచి చప్పుడు రాకపోవడమే ఆమెకు వినిపిస్తోంది.

డాక్టరమ్మ చిన్న వయసుది, మాట పొదుపు, చేయి చురుకు. పిల్లిని బల్ల మీద పెట్టి నోరు తెరిచి, నాలుకను పైకెత్తి కింద టార్చి వేసి చూసింది.

"ఏం పని చేస్తారు మీరు?"

"పుస్తకాలు కుడతామమ్మా."

"అయితే ముందు దారం వెతకాలి. దారం నాలుక మొదట్లో చుట్టుకుంటే ఇలాగే చొంగ కారుస్తాయి. ఎప్పుడైనా కొస కనిపించినా లాగకండి, లోపల పేగులు తెగుతాయి." నోరంతా చూసింది. "దారం లేదు. పన్ను పుచ్చలేదు. కానీ చిగుళ్లు ఎర్రగా కమిలిపోయాయి. ఎప్పటినుంచి కారుతోంది?"

"అది ఎప్పుడూ కారుస్తుందమ్మా. దానికి సంతోషం వస్తే..."

"సంతోషంగా ఉందా ఇప్పుడు?"

 కుర్రవాడు తీసుకెళ్లిన ఫొటో పెద్దక్కకు గుర్తొచ్చింది.

"ఒళ్లో కూర్చుని పిసుకుతూ రెండు చుక్కలు రాలిస్తే అది ప్రేమే, కాదనను. దిగగానే ఆగిపోతుంది, తిండి తింటుంది," అంది డాక్టరమ్మ, సూది సిద్ధం చేస్తూనే. "చేదు మందు నాకినా కాసేపు కారుస్తాయి, బండెక్కిస్తే కడుపు తిప్పి కారుస్తాయి. ఆగకుండా కారితే, వాసన వస్తే, తిండి మానితే, మూతి గీరుకుంటే, మూల నక్కితే మాత్రం ఆ పూటకి ఆ పూటే తేవాలి. అలవాటుగా చొంగ కార్చే పిల్లులతోనే నాకు భయం. ఇది దానికి అలవాటేగా అని ఇంట్లోవాళ్లు చూస్తూ కూర్చుంటారు. కక్కిందా?"

ప్రూఫులాయన కక్కు అంటిన పీలికలను మడిచి తెచ్చిన కాగితం విప్పి చూపించాడు. రంగు చూడగానే డాక్టరమ్మ చేయి ఆగింది.

"ఇంట్లో మైలుతుత్తం ఉందా?"

"మా ఇంట్లోనా!" పెద్దక్క ఎగిరిపడింది. "జిగురుకు పురుగు పట్టకూడదని అది కలిపేది ఊళ్లో మిగతావాళ్లు. నా జిగురు నేను నాకి చూస్తాను. రోజూ నా నాలుకే సాక్షి."

"బాగా ఆలోచించండి. మైలుతుత్తమైతే దారి ఒకటి, ఇంకేదైనా మందైతే దారి వేరు. అది నేను చేసే వైద్యాన్నే మార్చేస్తుంది."

"ఆలోచించడానికేముంది? లేదంటే లేదు. ఆ గిన్నెలో నేను తప్ప ఇంకొకరు ఏదీ వేయరు. కావాలంటే పిల్లి మీద ఒట్టు!"

అంటూ మొగుడి వైపు చూసింది, అవునని వంత పాడతాడని. ప్రూఫులాయన ఫ్యాను రెక్కల మీద అచ్చుతప్పు ఏదో కనిపించినట్టు తల పైకెత్తి చూస్తున్నాడు.

తలుపు తోసుకుని బుల్లి వచ్చింది. ఆఫీసు నుంచి తిరిగొచ్చేసరికి తెరిచి ఉన్న ఇల్లు, పీలికల మీద ఆ రంగు, నాకేసిన పళ్లెం చూసి, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. అక్క పెట్టిన ఒట్టు గుమ్మంలోనే ఆమె చెవిన పడింది.

"ఒట్టు తీసెయ్ అక్కా! మైలుతుత్తమే డాక్టరమ్మా. నా మంచం కింద డబ్బాలో ఉంది."



"నీ మంచం కింద ఉన్నది నా పిల్లి కడుపులోకి ఎలా వచ్చిందే?" అంది పెద్దక్క. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

"నీ గిన్నెలోంచి వచ్చిందక్కా."

పెద్దక్క ఆమెనే చూస్తూ నిలబడింది. ఆ వాక్యంలో ఉన్నవన్నీ తెలిసిన మాటలే. కలిపి చూస్తే అర్థం కావడం లేదు.

డాక్టరమ్మ మాత్రం ఆగలేదు. "ఎంత కలిపారు? ఎప్పుడు?" అని బుల్లిని అడిగి, జవాబు వింటూనే లోపలి మనిషిని కేకేసింది. "కక్కించొద్దు, అది దిగేటప్పుడు కాల్చింది, ఎక్కేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. మీరు ఉప్పునీళ్లు పట్టలేదు కదా? మంచిది. సెలైను పెడతాను, కడుపుకు మందు, రక్తం పరీక్ష. కాలేయం ఎంత దెబ్బతిందో చూడాలి. ఇప్పుడే ఏ మాటా ఇవ్వలేను. బయట కూర్చోండి." పిల్లిని తువ్వాలుతో సహా ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది.

బయట వరండాలో పొడుగాటి బల్ల ఒకటుంది. ముగ్గురిలో ఎవరూ దాని మీద కూర్చోలేదు.

"చెప్పు," అంది పెద్దక్క.

బుల్లి నేల చూపులు చూస్తూ చెప్పింది. వేసవిలో లైబ్రరీ వాళ్లు పుస్తకాలు వెనక్కి తెచ్చారు. వీపులన్నీ బొద్దింకలు తినేశాయి. ఆ పూట పెద్దక్క ఇంట్లో లేదు. లైబ్రరీ ఆయన గుమ్మంలో నిలబడి, మీ అక్క జిగురు పురుగులకు విందు భోజనం, ఇంకోసారి ఇలా అయితే పని వేరేవాళ్లకు ఇస్తాను అని వెళ్లాడు. బుల్లి ఆ పుస్తకాలన్నీ మళ్లీ కుట్టి, మళ్లీ అంటించి పంపింది. అప్పటినుంచి ఉదయం అక్క రుచి చూసి, పిల్లికి నాకించి, చేయి కడుక్కోవడానికి లోపలికి వెళ్లగానే చిటికెడు పొడి కలిపేది, గిన్నెలో రంగు తెలియనంత. పని అయ్యాక గిన్నె తనే కడిగేది, ఒక్కరోజు కూడా మరవకుండా.

"నాలుగు పొడి మాటలు నాతో చెప్తే నీ సొమ్మేం పోయిందే?"

"నీతోనా?" బుల్లి తలెత్తింది. "పోయినసారి ఒకడు నీ జిగురు పల్చగా ఉందన్నాడని రెండ్రోజులు అన్నం మానేశావు. వాడి పుస్తకం వీధిలోకి విసిరేశావు. పురుగు పట్టిందంటే బతకనిస్తావా మమ్మల్ని?"

"మమ్మల్ని?" పెద్దక్క ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "మీకూ తెలుసా?"

"పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలి అన్నట్టయిందే మా పని," అన్నాడు ప్రూఫులాయన. ఏ పిల్లి గురించి అంటున్నాడో అర్థమయ్యాక నాలుక కరుచుకున్నాడు.

"డబ్బా ఎవరు తెచ్చారు?"

అతను కళ్లజోడు తీశాడు.

పెద్దక్క గోడకు ఆనుకుంది. ఇన్నాళ్లూ పుస్తకం పుస్తకానికీ, నా నాలుక మీద పరీక్ష పెట్టిన జిగురు అని చెప్పి ఇచ్చింది. వచ్చినవాళ్లు తల ఊపి పట్టుకెళ్లారు. ఆ మాట ఒక్కటీ నిజం కాదు. ఇంట్లోవాళ్లు కళ్ల ముందే గిన్నె మార్చేసినా తెలియని నాలుక తనది. అదంతా ఒక ఎత్తు, ఆ పళ్లెం ఒక ఎత్తు. పిల్లి వెనక్కి తగ్గింది, వద్దంది, దానికి తెలిసింది. పళ్లేన్ని మూతి దగ్గరకు జరిపిన చేయి మాత్రం బుల్లిది కాదు.

"నా చేత్తోనే పెట్టాను," అంది. "తినవే తల్లీ అని బతిమాలి మరీ పెట్టాను."

"అక్కా, నేను ఇంట్లో ఉండుంటే..."

"నోర్ముయ్."

 పెద్దక్కే మళ్లీ అంది: "నేనే ఆ గిన్నె అంచు నాకి ఉంటే?"

బుల్లి రెండు చేతులతో మొహం కప్పుకుని బల్ల మీద కూలబడింది. ఆ ఆలోచన ఆమెకు అంతవరకూ రాలేదని ఆ పడిపోవడంలోనే తెలిసింది. పెద్దక్కకు ఆమెను కొట్టాలని ఉంది, దగ్గరకు తీసుకోవాలనీ ఉంది. రెండూ చేయలేదు.

వరండాలో ఎండ గోడ మీదికి పాకింది. ఒకావిడ కుక్కపిల్లకు సూది వేయించుకుని వెళ్లింది. లోపలి తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముగ్గురూ ఒకేసారి అటు తిరిగారు. ప్రతిసారీ అది వేరే పని మీద వచ్చిన మనిషే. 

డాక్టరమ్మ బయటికొచ్చేసరికి చేతుల మీద గోళ్ల గీట్లు ఉన్నాయి.

"గీరింది," అంది వాటిని చూసుకుంటూ. "వచ్చినప్పుడు కాలు కూడా కదపలేదు. ఇప్పుడు గీరింది. కక్కడం ఆగింది, చొంగ తగ్గింది, నీళ్లు నాకింది. ఏం మింగిందో వెంటనే తెలియడం వల్ల చాలా కలిసొచ్చింది. కాలేయం సంగతి మాత్రం మళ్లీ పరీక్ష చేశాకే. రెండ్రోజులు ఇక్కడే ఉండాలి. బతుకుతుందనే అనుకుంటున్నాను."

 బుల్లి గట్టిగా ఏడ్చేసింది. పెద్దక్క అద్దం తలుపులోంచి లోపలికి చూసింది. బోనులో చొంగమ్మ ముందు కాలికి కట్టుతో, తడి ఛాతీతో, తల పైకెత్తి కూర్చుని ఉంది. ఆమెను చూసింది. దగ్గరకు రాలేదు, మొహం తిప్పుకోనూ లేదు.

పెద్దక్క చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ పిల్లికి చెప్పడానికి నోరు లేదు. ఉన్న ఒక్క దారిలో చెప్పింది, అది చూసి తను మురిసిపోయింది. వీళ్లిద్దరికీ నోరుంది. అయినా చెప్పలేకపోయారు. ఆ భయం రాత్రికి రాత్రి పుట్టింది కాదు. ఏళ్ల తరబడి ఆ ఇంట్లోనే పెరిగింది, తను పెంచినట్టే పెరిగింది.

వెనక్కి తిరిగింది.

"ఇంకా ఏమేం దాచారు నా దగ్గర?"

మామూలుగా అడిగింది. ఏమీ లేదు అంటారని, అనగానే ఇంటికి వెళ్దాం పదండి అందామని అడిగింది.

బుల్లి ఏడుపు ఆగిపోయింది. ప్రూఫులాయన వైపు చూసింది. ప్రూఫులాయన బుల్లి వైపు చూశాడు. నువ్వు చెప్పు అంటే నువ్వు చెప్పు అన్నట్టున్న ఆ చూపును పెద్దక్క పట్టేసింది.

"చెప్పండి. నేను అరవను."

"అరుస్తావు," అన్నాడు మొగుడు మెల్లగా.

"అరుస్తాను," అంది పెద్దక్క. "అయినా చెప్పండి."

బుల్లి కొంగుతో ముక్కు తుడుచుకుని, బల్ల మీద ఒక పక్కకు జరిగింది.

"ముందు నువ్వు కూర్చో అక్కా."